సముద్రం పాలైన నీళ్లు కట్టిన అడవి

“ఇంకో అరగంట ఆగాలండి, నీరింకా తియ్యలేదు” అన్నాడు పడవ నడిపే బాబాయ్, గెడను ఒడ్డు బురదలో గుచ్చి పట్టుకుని. జనవరి నెల, మంచు ఇంకా విడని ఉదయం. కాకినాడ నుంచి యానాం పోయే రోడ్డు పక్కన, కోరింగ అభయారణ్యంలోకి తీసుకుపోయే కాలవలో చిన్న పడవ, అందులో మేం నలుగురం. పడవెక్కినవాళ్లకు తొందరే గాని కాలవకు తొందర లేదు. ఇక్కడ వేళలు నిర్ణయించేది సముద్రం. పోటుకు నీరు నిండితే అడవంతా ఆకుపచ్చ గోడలా ఉంటుంది, అంతకు మించి ఏమీ కనబడదు. పాటుకు నీరు దిగితేనే ఆ గోడ కింద ఏముందో తెలుస్తుంది. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ఒక పోటుకీ మరో పోటుకీ నడుమ సుమారు పన్నెండు గంటల పాతిక నిమిషాలు. అందుకే నిన్న ఆరింటికి నిండిన కాలవ ఇవాళ ఆరూ యాభైకి గాని నిండదు. బాబాయ్‌కి ఈ లెక్క తిథులతో సహా నోటికొచ్చు. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు పెద్దది, అష్టమి దగ్గర చిన్నది.

గోదావరి ధవళేశ్వరం దిగాక గౌతమి, వశిష్ఠ అని రెండు పెద్ద పాయలుగా చీలుతుంది. గౌతమి సముద్రంలో కలిసే మొగకూ కాకినాడ అఖాతానికీ నడుమ కోరింగ, గాడేరు లాంటి చిన్న పాయలు, వాటికి పుట్టిన వందలాది కాలవలు. ఈ నీటి వల మధ్యలో మొలిచినదే కోరింగ మడ అడవి. 1978లో దీన్ని అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్ల పైమాట. రాష్ట్రం మొత్తం మీద మడ అడవులు సుమారు 400 చదరపు కిలోమీటర్లు ఉంటాయి. తూర్పు తీరంలో బెంగాల్ సుందరవనాల తరువాత ఇంత మడ ఉన్నది మన గోదావరి, కృష్ణ డెల్టాలలోనే.

వరదల కాలంలో ఏటా పేపర్లో ఒక వార్త చదువుతాం: ఇన్ని టీఎంసీల నీరు వృథాగా సముద్రం పాలైంది అని. చిన్నప్పటి నుంచి చదువుతున్నాం కాబట్టి ఆ ‘వృథా’ అన్న మాటను ఆగి చూడం. కోరింగ కాలవల్లో ఒక పూట తిరిగితే చాలు, ఆగి చూడక తప్పదు.

నీరు తియ్యడం మొదలైంది. పడవ కదిలింది. మొదట కనబడేవి తెల్ల మడ, నల్ల మడ చెట్లు. వాటి మొదళ్ల చుట్టూ బురదలోంచి వేలెడు పొడవున, జానెడు పొడవున పైకి పొడుచుకొచ్చిన మొలకల్లాంటివి వేలాదిగా ఉన్నాయి. పిల్లలెవరో పెన్సిళ్లు వరుసగా నాటినట్టుంది. అవి మొలకలు కావు, వేళ్లు. అన్ని చెట్ల వేళ్లూ భూమిలోకి పోతే ఇవి ఆకాశంలోకి వస్తాయి, ఊపిరి కోసం. గెడతో బాబాయ్ కాస్త బురద పైకి తీశాడు. పైన వేలెడు మందం గోధుమ రంగు, కింద కాటుకలా నలుపు, కుళ్లిన కోడిగుడ్డు వాసన. ఆ నల్ల బురదలో ఆక్సిజన్ లేదు. గాలి అక్కర్లేని బాక్టీరియాలు సముద్రపు నీటిలోని సల్ఫేటు మీద బతుకుతూ హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు వదులుతాయి, వాసన దానిదే. మామిడి చెట్టును తెచ్చి అక్కడ పాతితే వేళ్లు ఊపిరాడక కొద్ది రోజుల్లోనే కుళ్లిపోతాయి.

మడ చెట్టు ఈ చిక్కును ఎలా దాటిందో శరీరధర్మ శాస్త్రవేత్త పెర్ షోలాండర్ 1955లో చాలా తేలికైన ప్రయోగంతో చూపించాడు. కొన్ని మడజాతులకు మానులోంచి దిగే ఊతవేళ్ల మీద గాలి పీల్చుకునే సన్నని రంధ్రాలుంటాయి. వాటికి గ్రీజు పూసి మూసేశాడు. కొద్ది రోజుల్లో బురదలో ఉన్న వేరు భాగంలో ఆక్సిజన్ దాదాపు అడుగంటింది. అంటే పైనున్న రంధ్రాలే కింది వేళ్లకు ముక్కు. మడ చెట్టు శ్వాసవేళ్ల విషయంలో మరో విశేషం బయటపడింది. పోటు వచ్చి ఆ పెన్సిళ్లు మునిగినంతసేపూ వేరు లోపల నిలవ ఉన్న ఆక్సిజన్ ఖర్చవుతూ ఉంటుంది, లోపలి పీడనం తగ్గుతుంది. నీరు దిగి రంధ్రాలు తెరుచుకోగానే బయటి గాలి చప్పున లోపలికి లాక్కోబడుతుంది. మనం నిమిషానికి పదిహేనుసార్లు చేసే పని ఈ చెట్టు పోటుకొకసారి చేస్తుంది. ఆ రోజు మేం ఆ అడవిలో ఉన్నది సరిగ్గా అది గాలి పీల్చుకునే వేళ.

కాలవ వంపు తిరిగాక అడవి తీరు మారింది. ఇక్కడ ఉప్పు పొన్న. మర్రి ఊడల్లా మానులోంచే వంగి దిగిన ఊతవేళ్ల మీద చెట్టు నీటికి మూరెడు పైన నిలబడి ఉంటుంది. ఉప్పు పొన్నదీ, మడదీ ఒకే బురద, ఒకే నీరు. ఉప్పుతో వాటి వ్యవహారం మాత్రం వేరు. సముద్రపు నీటిలో లీటరుకు 35 గ్రాముల దాకా ఉప్పుంటుంది. ఉప్పు పొన్న దాన్ని గుమ్మంలోనే ఆపేస్తుంది. వేరు పొరల గుండా నీరు వస్తుంది, ఉప్పులో నూటికి తొంభై పాళ్లకు పైగా బయటే ఉండిపోతుంది. ఈ రోజు నగరాల్లో సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే యంత్రాలు చేసేదీ ఇదే పని, కాకపోతే వాటికి కరెంటు కావాలి. చెట్టుకు ఎండ చాలు. ఆకుల నుంచి నీరు ఆవిరవుతూ ఉంటే ఆ లాగుడు కాండం గుండా వేరుదాకా పాకుతుంది. షోలాండర్ బృందమే 1965లో ఆ బలాన్ని కొలిచి చూపింది. మడజాతి చెట్లలో అది 30 నుంచి 60 వాతావరణ పీడనాలకు సమానం. కారు టైరులో గాలి పీడనం రెండు చిల్లర మాత్రమే.

తెల్ల మడ పద్ధతి ఇంకోటి. అది కొంత ఉప్పును లోపలికి రానిస్తుంది, తరువాత ఆకుల మీది గ్రంథుల గుండా బయటికి నెట్టేస్తుంది. బాబాయ్ ఒక ఆకు తుంచి ఇచ్చి “నాకి చూడండి మేష్టారూ” అన్నాడు. ఉప్పగా ఉంది. వెలుతురుకు తిప్పి చూస్తే ఆకు మీద పంచదార పలుకుల్లా మెరుపులు. రాత్రి మంచుకు కరిగి, పొద్దున ఎండకు మళ్లీ గడ్డకడుతున్న ఉప్పు అది. తిల్ల చెట్టు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆయనే “అది ముట్టుకోకండి” అన్నాడు. తిల్ల పాలు కంట్లో పడితే చూపు పోయేంత మంట. కట్టెలు కొట్టేవాళ్లు ఈ చెట్టుకు దూరంగా ఉంటారు.

ఉప్పు పొన్న కొమ్మలకు మునక్కాయల్లా పచ్చగా వేలాడుతున్నవి కాయలనుకుంటాం. నిజానికి అవి మొక్కలు. కాయలోని గింజ తల్లి చెట్టు మీద ఉండగానే మొలకెత్తి, బారెడు కాకపోయినా మూరెడు దాకా పెరిగి, అప్పుడు రాలుతుంది. పాటు వేళ రాలితే బురదలో నిలువునా దిగబడి కొన్ని రోజులకే వేళ్లు తొడుగుతుంది. పోటు వేళ రాలితే నీటి మీద తేలుతూ వారాల తరబడి తిరిగి ఎక్కడో తీరం చేరుతుంది. ఉప్పునీట్లో గింజ మొలవడం కష్టం. అందుకే ఆ గడ్డు కాలాన్ని చెట్టు తన ఒడిలోనే దాటిస్తుంది. ఈ సంగతి వింటున్నప్పుడు మా పడవలో ఉన్న అమ్మాయి ఒకతె “పురిటికి పుట్టింట్లో ఉంచుకున్నట్టు” అంది. అంతకన్నా బాగా చెప్పలేను.

నీరు బాగా దిగింది. రెండు వైపులా మెత్తని బురద గట్లు బయటపడ్డాయి, వాటితో పాటే అక్కడి జనాభా. వేలెడంత చేపలు నీట్లోంచి గట్టెక్కి, ముందు రెక్కలను మోచేతుల్లా ఆనించి, బురద మీద గెంతుతూ తిరుగుతున్నాయి. చేప అయ్యుండి ఒడ్డున ఎలా బతుకుతోంది? మొప్పల గదుల్లో నీరు నింపుకుని వస్తుంది. తడి చర్మం గుండా, నోటి లోపలి పొర గుండా గాలిలోని ఆక్సిజన్ తీసుకుంటుంది. కళ్లు నడినెత్తిన కప్పకున్నట్టుంటాయి. అవి ఆరిపోకుండా మధ్యమధ్యలో గుంటల్లోకి లాక్కుని తడుపుకుంటుంది. ఈ జాతి చేపల్లో కొన్ని బురదలో బొరియ తవ్వి, దాని లోపలి గదిలో గుడ్లు పెడతాయి. ఆ గదిలో ఉండే నీటికి ఆక్సిజన్ లేదు గనక తండ్రి చేప పైకి వచ్చి నోటినిండా గాలి మింగి, లోపలికి పోయి వదిలి వస్తుంది. పాటు ఉన్నంతసేపూ అదే పని.

పక్కనే చిన్న పీతలు. మగవాటికి ఒక డెక్క ఒంటికి మించిన పెద్దది, ఎర్రగా. దాన్ని ఎత్తి ఊపుతూ ఆడపీతలను పిలుస్తాయి, పక్క మగపీతను బెదిరిస్తాయి. వేల బొరియలు ఆ పీతలు తవ్వినవే. వాటిగుండానే ప్రతి పోటుకూ నీరు, దాంతో ఆక్సిజన్ ఆ నల్లబురదలోకి దిగుతుంది. రాలిన మడ ఆకులను పీతలు లోపలికి లాక్కుపోయి తింటాయి, చీలుస్తాయి. మిగిలింది బాక్టీరియాకు, బూజుకు. వాటిని తినే సూక్ష్మజీవులు, వాటిని తినే రొయ్య పిల్లలు. టైగర్ రొయ్య, మండపీత, పండుగప్ప పిల్లదశలో ఈ వేళ్ల సందుల్లోనే తలదాచుకుంటాయి. పెద్ద చేప అక్కడికి దూరలేదు. కాకినాడ రేవులో వేలం పాడే సరుకులో ఎంతభాగం ఈ కాలవల్లో పెరిగి వెళ్లిందో కొనేవాళ్లకు తట్టదు. భైరవపాలెం జాలరులకు మాత్రం బాగా తెలుసు. వరద నీరు బాగా దిగిన ఏడాది వల బరువుగా ఉంటుందని వాళ్లు చెప్పే మాట.

పులస సంగతి వేరే చెప్పాలా? సముద్రంలో ఉన్నంతకాలం అది విలస. జూలై, ఆగస్టు నెలల్లో ఎర్రనీరు మొగ దాటి సముద్రంలోకి చొచ్చుకుపోతే, ఆ తీపినీటి జాడ పట్టుకుని గుడ్లు పెట్టడానికి గోదావరి ఎక్కుతుంది. అప్పుడది పులస. ఎర్రనీరు సముద్రం చేరని ఏడాది ఆ చేపకు పిలుపు అందదు.

గట్టు మీద అడుగు జాడలు చూపించి బాబాయ్ గొంతు తగ్గించాడు. “బావురుపిల్లి. రాత్రి వచ్చినట్టుంది.” పెంపుడు పిల్లికి రెట్టింపు ఉండే ఈ అడవి పిల్లి చేపల వేటగత్తె. వేళ్ల మధ్య కొంతమేర పొర ఉంటుంది. గోళ్లు పూర్తిగా లోపలికి ముడుచుకోవు, జారే చేపను పట్టేందుకు అది వీలు. లోపలి వెంట్రుకలు ఎంత దట్టమంటే నీట మునిగినా చర్మం తడవదు. ప్రపంచం మొత్తం మీద చిత్తడి నేలలు పోతున్న కొద్దీ ఈ పిల్లీ పోతోంది. కోరింగలో మాత్రం 2018లో కెమెరాలు కట్టి లెక్కించినప్పుడు వందకు పైగా ఉన్నాయని తేలింది. మనుషులకు రాత్రిపూట మాత్రమే, అదీ ఎప్పుడో ఒకసారి కనబడుతుంది. ఆ జాడలను చూడటమే మాకు దక్కింది. నీటికుక్కలు అంత సిగ్గరులు కావు. ఒక మలుపులో నాలుగు తలలు నీటి మీద లేచి, మమ్మల్ని చూసి, ఈలల్లాంటి కూతలు వేసి మునిగిపోయాయి. నల్ల తల లకుముకి ఒకటి పడవకు ముందు కొమ్మ కొమ్మకూ ఎగురుతూ దారి చూపుతున్నట్టే వచ్చింది.

అడవి అంచు దాటి అఖాతంలోకి వచ్చేసరికి ఒక్కసారిగా వెలుతురు. ఎదురుగా సన్నని ఇసుక గీతలా హోప్ ఐలాండ్. పదహారు కిలోమీటర్ల పొడవున్న ఈ ఇసుక దిబ్బ గత రెండు వందల ఏళ్లలో తయారైంది. గోదావరి తెచ్చి సముద్రంలో పోసిన ఇసుకను అలలు, ప్రవాహాలు ఉత్తరానికి తోసుకుంటూ పోయి కట్టిన గోడ అది. దాని వెనుకనే కాకినాడ రేవు ప్రశాంతంగా ఉంది. ఈ గోడ పూర్తికాని రోజుల్లో కోరింగే పెద్ద రేవు. ఓడలు కట్టే ఊరు. ఇక్కణ్ణుంచి ఓడెక్కి బర్మా వెళ్లిన మనవాళ్లను అక్కడ కోరంగీలు అని పిలిచేవారు. 1839 నవంబరు 25న వచ్చిన తుపాను, ఉప్పెన ఆ రేవును తుడిచిపెట్టాయి. ‘సైక్లోన్’ అన్న ఇంగ్లీషు మాటను పుట్టించిన హెన్రీ పిడింగ్టన్ బంగాళాఖాతపు తుపాన్లను లెక్కగట్టింది ఆ కాలంలోనే, కలకత్తాలో కూర్చుని. 1996 నవంబరు 6న ఇదే తీరాన్ని మరో తుపాను కొట్టింది. వెయ్యి మందికి పైగా పోయారు, కోనసీమ కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి. అలల బలాన్ని చెట్ల కాండాలు, వేళ్ల గుబుర్లు మెట్టు మెట్టుగా తగ్గిస్తాయన్నది భౌతికశాస్త్రం. అడవి ఎంత వెడల్పుంటే అంత మేలు. కాని మడ ఉంది కదా అని తుపాను హెచ్చరిక విన్నాక ఊళ్లో ఉండిపోకూడదు.

హోప్ ఐలాండ్ ఇసుక మీద జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. ఒక్కోటి నూటికి అటూ ఇటూ. పిల్లలు ఆడవా మగవా అన్నది ఇసుక వేడిని బట్టి తేలుతుంది, వేడి హెచ్చితే ఆడవి ఎక్కువ. బురద మైదానాల మీద వలస పక్షులు గుంపులు గుంపులుగా దిగాయి. వాటిలో గ్రేట్ నాట్ ఉంది, ఈశాన్య సైబీరియాలో గుడ్లు పెట్టి ఇక్కడికి చలికాలం గడపడానికి వచ్చినది. కింది ముక్కు పై ముక్కు కన్నా పొడవున్న ఇండియన్ స్కిమ్మర్లు ఉన్నాయి. నోరు తెరిచి, కింది ముక్కును నీటిలో ఉంచి, కత్తితో గుడ్డ చీల్చినట్టు నీటిని చీల్చుకుంటూ ఎగురుతాయి, చేప తగిలితే మూస్తాయి. ప్రపంచంలో కొద్ది వేలే మిగిలిన పక్షి ఇది.

మర్నాడు కడియం వెళ్లాం. మడ అడవి చూసి నర్సరీలకు ఎందుకంటే, ఈ రెండూ ఒకే తల్లి బిడ్డలు. ధవళేశ్వరం దగ్గర 1852లో ఆర్థర్ కాటన్ ఆనకట్ట పూర్తయ్యాక కాలవల వెంట పారిన నీరు, ఆ నీటితో వచ్చిన ఒండ్రు కడియం, కడియపులంక తోటలను పెంచాయి. గులాబీ నుంచి మామిడి అంట్ల దాకా, కుండీలో మొలిచే క్రోటన్ నుంచి లారీకి ఒకటే పట్టే ఖర్జూరం దాకా ఇక్కణ్ణుంచి దేశమంతా వెళ్తాయి. మొక్క వేరుకు చుట్టిన మట్టి ముద్దను ఒకామె గోనెగుడ్డలో కడుతోంది. అడిగితే ఒక ముద్ద చేతిలో పెట్టింది. మెత్తని గోదావరి ఒండ్రు. నిన్న గెడకు అంటుకున్నదే, ఉప్పు లేదంతే.

ఇప్పుడు ఆ ఒండ్రు తగ్గిపోతోంది. 1970లలో గోదావరి ఏటా సుమారు 15 కోట్ల టన్నుల మట్టిని కిందికి తెచ్చేది. 1990లకు అది 6 కోట్ల టన్నుల లోపుకు పడిపోయింది. మిగిలింది పైన జలాశయాల అడుగున ఉండిపోతోంది. మట్టి అందని డెల్టా నిలబడదు. దాని బరువుకు అది కుంగుతుంది, అలలు అంచులు కొరుకుతాయి. 1976 నుంచి 2001 లోపు ఈ డెల్టా ముందువైపు 1800 హెక్టార్లకు పైగా నేల సముద్రంలో కలిసిందని ఉపగ్రహ చిత్రాలు చూసిన శాస్త్రవేత్తలు లెక్కకట్టారు. మొక్కకూ అంతే. మడ ఉప్పునీటిలో బతుకుతుంది నిజమే కాని, ఉప్పు కోసం బతకదు. చాలా మడజాతులు బాగా ఎదిగేది సముద్రపు నీరూ నది నీరూ కలిసిన చోట. ఎండాకాలం ధవళేశ్వరం బ్యారేజీ కింద నదిలో పారుదల దాదాపు ఆగిపోతే, కాలవల్లో ఉప్పు పెరుగుతుంది, చెట్లు గిడసబారతాయి, లేత మొక్కలు ముందు పోతాయి.

పోయిన చోట తిరిగి పెంచిన అనుభవమూ మనకుంది. ఒకప్పుడు మడను మొత్తంగా నరికిన చోట్ల ఎండకు నేల కుంగి పళ్లెంలా గుంటపడింది, పోటు నీరు వచ్చి నిలిచి ఆవిరై ఉప్పు పేరుకుంది. అక్కడ ఏ మొక్కా దిగలేదు. 1990ల చివర నుంచి ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీశాఖ, ఊరి జనం కలిసి అక్కడ చేపముల్లు ఆకారంలో కాలవలు తవ్వారు. మధ్యలో పెద్ద కాలవ, రెండు వైపులా ఏటవాలుగా చిన్న కాలవలు. పోటుకు నీరు వచ్చి పాటుకు పోవడం మొదలయ్యేసరికి ఉప్పు కడుక్కుపోయింది, గట్ల వెంట నాటిన మడ నిలబడింది. నాటడం కన్నా ముందు నీటికి దారి చూపడమే అసలు పని అని తేలింది.

ఇంకో లెక్క కూడా ఉంది. 2011లో ఇండో పసిఫిక్ ప్రాంతపు మడ అడవులను కొలిచినప్పుడు హెక్టారుకు సగటున వెయ్యి టన్నుల పైగా కార్బన్ నిలవ ఉందని తేలింది. అందులో చాలా భాగం చెట్లలో కాదు, కింద మీటర్ల లోతు నల్ల బురదలో. ఆక్సిజన్ లేకపోవడం వల్లే రాలిన ఆకు అక్కడ పూర్తిగా కుళ్లదు, శతాబ్దాల తరబడి అలాగే ఉంటుంది. నరికి రొయ్యల చెరువు తవ్విన రోజున ఆ నిలవకు గాలి తగులుతుంది.

1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల వరద పోటెత్తింది. ఊళ్లు మునిగాయి, దాన్ని మరిచిపోమని ఎవరికీ చెప్పను. పొలాలకు నీరు నిలవ చేసుకోవద్దనీ అనను, ఈ జిల్లాల అన్నం ఆ నీటిదే. నేను అడిగేది ఒకటే. నదికి చివరి వరకు పారే హక్కు కొంత ఉంచండి, ముఖ్యంగా ఎండాకాలంలో. సముద్రం చేరిన నీటిని పద్దులో ఖర్చు కింద రాస్తున్నాం. హోప్ ఐలాండ్, పులస, రొయ్య, మడ, ఆ మడ చాటున ఉన్న ఊళ్లు ఏ పద్దు కింద రాస్తాం?

కోరింగ వెళ్లేవారికి ఒక మాట. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. టికెట్టు వేళ కాదు, పాటు వేళ అడిగి తెలుసుకుని వెళ్లండి. నీరు దిగేటప్పుడు పడవెక్కితేనే వేళ్లు కనబడతాయి.